వినికిడియు, విచారణయు

ఒక యూరిలో పదిమంది ఒకే తీరున జబ్బుపడినప్పుడు మన దేశమున మూడు సంగతులు తప్పక జరుగుచుండును. మొదట పుకారు బయలుదేఱును. పిమ్మట పెద్దలు వచ్చి పరామర్శించి పోవుదురు. కడపట నీటిని సీసాలలో నింపి దూరపు ప్రయోగశాలకు పంపుదురు. జబ్బుపడినవారిని, వారి ప్రక్కయింటనే యుండియు జబ్బుపడనివారిని, ఒకే ప్రశ్నలతో విచారించి యా జవాబులను సరిపోల్చి చూచుట యను నాల్గవ పని యొకటి గలదు. దానికి ఖర్చు తక్కువ, ఫలము హెచ్చు. అయినను దానిని నేర్చినవారు మనలో అరుదు. నేర్వవలెనను కోరిక అంతకంటెను అరుదు.

ఆ విద్యకు పరిశీలనాత్మక పరిశోధన యని పేరు. కొందఱికి మందిచ్చి, కొందఱికి ఈయక ఫలము చూచుట ప్రయోగము. ఎవరికి ఏమియు నీయక, ఎవరి జీవితమును మార్చక, ప్రజలు తినుచున్నదానిని, త్రాగుచున్నదానిని, చేయుచున్న పనిని, వారికి వచ్చుచున్న రోగములను క్రమముగ గమనించి లెక్కించుట పరిశీలన. చూచుటకు కన్నులుండిన చాలదా యని కొందఱందురు. కన్నులుండుట చాలినచో లోకమున సాక్షులుండగా న్యాయస్థానములతో పనియేమి?

ఏలూరి సంగతి తలచుకొనుడు. 2020వ సంవత్సరము డిసెంబరు మొదటి వారమున ఆ పట్టణములో స్త్రీలు, పురుషులు, పిల్లలు ఉన్నట్టుండి మూర్ఛవచ్చి పడిపోయిరి. కొలది దినములలో ఆఱువందలమందికి పైగా ఆసుపత్రికి చేరిరి. చాలమంది త్వరలోనే తేఱుకొనిరి, ఒకరు మరణించిరి. కొళాయినీరని కొందఱు, కూరగాయలని కొందఱు, వీధులలో చల్లిన బ్లీచింగు పొడియని కొందఱు చెప్పుకొనిరి. ఢిల్లీయందలి అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు రోగుల రక్తమున సీసమును, నికెలును కనుగొనిరి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు పురుగుమందుల జాడలను కనుగొనిరి. తుదకు పురుగుమందుల మీదనే అనుమానము బలపడినది. కాని ఆ విషము ఏ త్రోవను ఇంతమంది శరీరములలో ఒకే వారమున ప్రవేశించినది? ఈ ప్రశ్నకు రోగి రక్తమొక్కటే జవాబు చెప్పజాలదు. జబ్బుపడని పొరుగువాని రక్తమున సీసమెంత? అదే బజారున కూరలు కొని, అదే కొళాయి నీరు త్రాగి సుఖముగ నున్న కుటుంబములెన్ని? ఒకే పళ్లెమున తిన్న అన్నదమ్ములలో ఒకడు పడిపోయి మఱియొకడు నిలిచెనా? అసలు సంగతి ఈ రెండవవాని నోటనున్నది. వాడు ఆసుపత్రికి రాడు. పత్రికలవారు వానిని ఫోటో తీయరు.

మా వృత్తిలో ఒక పక్షమును మాత్రమే విని చెప్పిన తీర్పును ఏకపక్షపు తీర్పందుము. రెండవ పక్షము వచ్చి మొఱపెట్టుకొన్న తక్షణమే అది కొట్టివేయబడు ప్రమాదము గలదు. రోగులను మాత్రమే ప్రశ్నించిన విచారణ అట్టిదే. రోగముల విషయమున ఈ రెండవ పక్షమును పిలిపించుట లోకమునకు నేర్పినవారిలో డాల్, బ్రాడ్‌ఫర్డు హిల్ అను ఆంగ్లేయులు ముఖ్యులు. 1950వ సంవత్సరమున వారు లండను ఆసుపత్రులలో ఊపిరితిత్తుల క్యాన్సరు గలవారు 709 మందిని, ఇతర రోగములతో నున్నవారు 709 మందిని పొగత్రాగుటను గుఱించి విచారించి ఫలితములు ప్రకటించిరి. క్యాన్సరు గల పురుషులు 649 మందిలో పొగ త్రాగనివారు ఇద్దఱే. ఈ సంఖ్యనొక్కదానినే చూచినవాడు మోసపోవును; ఆ కాలపు ఇంగ్లండున మగవారిలో పొగ త్రాగనివారే అరుదు గదా! రెండవ జట్టులో త్రాగనివారు 27 మంది. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన నుంచినప్పుడే నిజము పలికినది.

ఇట్టి విచారణకు మన తెలుగునాటనే గొప్ప యుదాహరణము గలదు; పాశ్చాత్యులను పొగడుటకు ముందు దానిని మనవారు ఎఱుగవలెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తీరగ్రామములలో స్త్రీలు చుట్టయొక్క నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పీల్చెడి యలవాటు గలదు. దానిని అడ్డపొగ యందురు. అంగిటిపై పుట్టు క్యాన్సరు ఇతర దేశములలో బహు అరుదు. ఆ తీరమున తఱచు. విశాఖపట్టణపు వైద్యులు కినీగారును, సుబ్బారావుగారును 1937లోను, బొంబాయినుండి ఖానోల్కరుగారు 1945లోను క్యాన్సరును గుఱించి వ్రాసిన వ్రాతలు దీనిని వైద్యలోకము దృష్టికి తెచ్చినవి. ఆసుపత్రికి నడచి వచ్చినవారిని చూచి కలిగిన అనుమానమది. ఎందఱు చుట్ట త్రాగుచుండగా ఎందఱికి జబ్బు వచ్చినదో ఆసుపత్రి పుస్తకము చెప్పదు. క్రింది అంకె లేని భిన్నము వంటిది అది.

ఆ క్రింది అంకెను వెదకుటకు బొంబాయి దంతవైద్య పరిశోధకులు మెహతాగారు, గుప్తగారు, డెన్మార్కు దేశస్థుడు పిండ్‌బోర్గుగారు మొదలగువారు శ్రీకాకుళము జిల్లా గ్రామములలో ఇంటింటికి పోయి 10,169 మంది నోళ్లను పరీక్షించిరి. 1971లో ఆ ఫలితములు అచ్చయినవి. నూటికి 43.8 మంది అడ్డపొగవారే. అంగిటి మీది మచ్చలు, పుండ్లు వారిలోనే గుమిగూడి యున్నవి.

ఇక చుట్ట పక్షమున వకాల్తా పుచ్చుకొన్నవాడు ఊరకుండునా? అడ్డపొగవారిలో హెచ్చుమంది ముసలివారు, బీదలు, స్త్రీలు. వయస్సో, పేదఱికమో, తిండిలోపమో కారణము కావచ్చును. నా కక్షిదారుని నిష్కారణముగ నిందింపుచున్నారని వాదించును. ఇది తోసిపుచ్చదగిన వాదము కాదు. ఒక కారణము ముసుగున మఱియొక కారణము దాగియుండుట ఈ విద్యలో అన్నింటికంటె పెద్ద గండము. దానిని దాటుటకు త్రోవ యేమనగా, అరువదేండ్ల బీదరాలిని అరువదేండ్ల బీదరాలితోనే పోల్చవలెను. ఆ యిద్దఱిలో భేదము చుట్ట యొక్కటియే కావలెను. ఆ మీదట కాలమును సాక్షిగ పిలువవలెను. ఆ పరిశోధకులు అదియు చేసిరి: పది సంవత్సరములపాటు గ్రామస్థులను మరల మరల చూచిరి. 1977 మొదలుకొని ఎర్నాకుళము, భావనగరము, శ్రీకాకుళము జిల్లాలలో పొగాకు వాడువారు 36,000 మందిని ఎంచుకొని, మానుడని బోధించి, ఫలము గమనించిరి. మానినవారు పెరిగిరి, నోటిలో క్రొత్తమచ్చలు పుట్టుట తగ్గినది. పరిశీలన వలన ఏదియు ఋజువు కాదు, ప్రయోగమే ప్రమాణమనువారిని మేమొకటి అడుగుదుము. స్త్రీలను రెండు జట్లుగ విభజించి, మీరు ఇరువదేండ్లు నిప్పు మ్రింగుడు, మీరు మ్రింగకుడని ఆజ్ఞాపించు ప్రయోగమును ఏ మానవుడు చేయగలడు? హత్యను మరల చేయించి చూచిగాని తీర్పు చెప్పమని ఏ న్యాయాధిపతియు ననడు.

ఇప్పుడు మన కృష్ణా డెల్టాకు వత్తము. లండనులో 1854లో విషూచి చెలరేగినప్పుడు జాన్ స్నో అను వైద్యుడు చేసిన పని నీటిమీద బ్రతుకు మనకు మిక్కిలి ఉపయుక్తము. ఒకే వీధిలో ఒక యింటికి ఒక కంపెనీ, ప్రక్కయింటికి వేఱొక కంపెనీ నీరిచ్చుచుండెను. ఒక కంపెనీ పట్టణపు మురుగు కలిసిన చోటనే థేమ్సు నీటిని తోడుచుండెను. రెండవది 1852లో తన తూమును ఎగువకు మార్చుకొనెను. స్నోగారు చనిపోయినవారి ఇండ్లకు పోయి ఏ కంపెనీ నీరని విచారించిరి. తొలి ఏడు వారములలో పదివేల ఇండ్లకు మురుగునీటి కంపెనీ వైపున 315 మరణములు, రెండవ వైపున 37. సూక్ష్మజీవి యేదో అప్పటికి ఆయనకు తెలియదు. తెలియకయే సత్యమును పట్టుకొనెను.

మన డెల్టాలో ఎగువ, దిగువ యనునవి నోటిమాటలు కావు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనది మొదలు, 1957లో దాని స్థానమున ప్రకాశము బ్యారేజి వచ్చిన తరువాత కూడను, కాలువ నీరే మన పంట, మన చెఱువు, మన కుండ. బెజవాడ దిగువన ప్రతి పట్టణమును తన మురుగును, ప్రతి పొలమును తన ఎరువును, మందును ఏదోయొక నీటిలో కలుపుచునే యున్నవి. దివిసీమకు పోవుకొలది భూమిలోని నీరు ఉప్పన. గుడివాడ దాటి కైకలూరు దిక్కునకు పోయినచో చేపల చెఱువులు. ఈ నడుమ పామిడిముక్కల వంటి మండలమున వరి, చెఱకు, మినుము పండించు గ్రామములలో ఒకే వీధిని చూడుడు. ఒక యింట కాలువనుండి నింపిన చెఱువునీరు, ప్రక్కయింట బోరునీరు, ఎదుటియింట ఇరువది లీటర్ల క్యాను. స్నోగారికి లండనులో దొరకిన యవకాశము మనకు ప్రతి వీధిలోను పడియున్నది. ఏ జబ్బు వచ్చినను నీటినే తిట్టుదుము గాని, ఏ యింట ఏ నీరో వ్రాసిపెట్టుకొనము.

అయితే లండనునకు, మనకు భేదమొకటి గలదు. అక్కడ గొట్టము ఏ కంపెనీదో చాలమందికి తెలియనైన తెలియదు. ఎన్నుకొన్నది వారు కాదు. ఇక్కడ క్యాను కొనువాడు డబ్బుగలవాడు. వానికి తిండి వేఱు, వైద్యుడు వేఱు, ఎండలో పని లేదు. క్యాను త్రాగువారికి జబ్బులు తక్కువయని తేలినచో ఆ ఘనత నీటిదా, సంపదదా? దీనికి వ్యతిరేకమైన మోసమును గలదు. మూత్రపిండములు చెడినవానికి వైద్యుడు నీరు మార్చుకొమ్మనును; వాడు క్యాను కొనుట మొదలిడును. మఱునాడు లెక్కవ్రాయువాడు వచ్చి, క్యాను త్రాగువారిలోనే మూత్రపిండముల జబ్బు హెచ్చని వ్రాసికొని పోవును! ఏది ముందు, ఏది వెనుక యని అడుగని లెక్క ఇట్లే తలక్రిందులగును.

ఉద్దానపు దుఃఖమున ఈ ముందు వెనుకల చిక్కే ప్రధానము. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు గ్రామములలో పెద్దవారైన ప్రతి అయిదుగురిలో సుమారొకరికి మూత్రపిండముల జబ్బున్నదని సర్వేలు చెప్పినవి. నీరు, ఇసుకరాతి ధూళి, లోహములు, పురుగుమందులు, ఎండలో కష్టము: అనుమానితుల పట్టిక పెద్దది, శిక్ష పడినవారు లేరు. ఒక్కదినమున తీసిన ఫోటోలో ఎవరు ముందు వచ్చిరో ఎవరు వెనుక వచ్చిరో కానరాదు గదా. ఒక్కసారి చేసిన సర్వేయు అంతే. 2023వ సంవత్సరము డిసెంబరులో వంశధార జలమును ఆ గ్రామములకు తెచ్చు పథకమును, పలాసలో మూత్రపిండముల ఆసుపత్రియు ప్రారంభింపబడినవి. మంచి పని. అయితే నీరు మారిన గ్రామములలో క్రొత్త రోగులు తగ్గుచున్నారా, నీరు మారని పొరుగు గ్రామములలో తగ్గుచున్నారా యని ఏండ్ల తరబడి సరిపోల్చి వ్రాసినగాని నీరు దోషియో నిర్దోషియో తేలదు. ఆ యవకాశమును జాఱవిడిచినచో అది ధనవ్యయముకంటె పెద్ద నష్టము. ఈ జబ్బు మనకు దూరమని సంతోషింపనక్కఱలేదు. పాత కృష్ణాజిల్లాలోనిదే యైన ఎ.కొండూరు తండాల మొఱ పాఠకులు వినియే యున్నారు.

ప్రశ్న అడుగుట తెలియనివాడు ఎంత తిరిగినను తెచ్చునది తప్పుడు సాక్ష్యమే. "చేపల చెఱువు నీరు వదలినప్పటినుండియే గదా మీకు దురద?" యని అడుగు సర్వేవానిని మేమెఱుగుదుము. జవాబును నోటికందించు ఇట్టి సూచక ప్రశ్నను తన సాక్షిని విచారించు న్యాయవాది అడిగినచో, రెండవ పక్షమువాడు లేచి అభ్యంతరము చెప్పును. పల్లెలో అభ్యంతరము చెప్పువాడెవడు? జబ్బుపడ్డ బిడ్డ తల్లి నెలనాళ్ల క్రిందటి తిండిని సయితము త్రవ్వి జ్ఞప్తికి తెచ్చుకొనును. బిడ్డ బాగుండిన తల్లికి నిన్నటి కూర జ్ఞాపకముండదు. ఇద్దఱును సత్యవంతులే, జవాబులు మాత్రము సమానములు కావు. ఇక భాష. ఇంగ్లీషున వ్రాసిన ప్రశ్నలను ఎట్టులో తెలుగు చేసి, "మీరు మంచినీరు త్రాగుచున్నారా?" యని అడుగుదురు. మన డెల్టాలో త్రాగెడి నీటికంతకును మంచినీరనియే పేరు. పాచిపట్టిన చెఱువైనను అది మంచినీళ్ల చెఱువే! నూటికి నూఱుమంది ఔననుదురు. ఆ కాగితము రాజధానికి పోయి, జనులందఱు శుద్ధజలము త్రాగుచున్నారని లెక్కకెక్కును. వేడిచేసినదనుట, నీరసమనుట, తిమ్మిరియనుట ఏ రోగలక్షణములో పల్లెలో కూర్చుండి నేర్చుకొనినగాని ప్రశ్నావళి వ్రాయరాదు.

మరణముల సంగతి ఇంకను దయనీయము. 2020లో మన దేశమున నమోదైన మరణములలో వైద్యుడు కారణము వ్రాసినవి నూటికి 22.5 మాత్రమే. తక్కినవారందఱు ఏమై పోయిరో ప్రభుత్వపు పుస్తకమున లేదు. దీనికి పరిష్కారము గోదావరి జిల్లాలలో ఒకసారి చేసి చూపినారు. 2003 అక్టోబరు మొదలు ఒక్క సంవత్సరము, 45 గ్రామములలో, 1,80,162 మంది జనములో సంభవించిన 1354 మరణములను గుఱించి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటివారిని కలిసి వాఙ్మూలములు వ్రాసికొనిరి. వైద్యులు వానిని చదివి కారణము నిర్ణయించిరి. పల్లెలలో చావులు అంటురోగముల వలననే యను నమ్మకము తలక్రిందులైనది. గుండె, రక్తనాళముల జబ్బులు నూటికి 32, గాయములు 13, అంటురోగములు 12. ఇది పూర్తి ప్రమాణము కాదు. బంధువుల వాఙ్మూలమునకు ఉండవలసిన లోపములు దీనికిని గలవు. కాని ఖాళీ గడికంటె ఇది వేయిరెట్లు మేలు.

మేము కోరునది పెద్ద పథకము కాదు. బందరులో 2023 సెప్టెంబరున ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. జాతీయ వైద్య సంఘము నియమము ప్రకారము ప్రతి విద్యార్థియు మూడు మొదలు అయిదు కుటుంబములను దత్తత తీసికొని చదువుకాలమంతయు చూచుచుండవలెను. సంవత్సరమునకు 150 మంది విద్యార్థులనగా 450 మొదలు 750 కుటుంబములు. పదేండ్లలో ఎంత భాండాగారమగునో పాఠకులే లెక్కించుకొనవచ్చును. ఇప్పుడున్న తీరున ఈ దత్తత రక్తపోటు చూచి ఫోటో దిగి మరలుటతో ముగియునను భయము మాకు గలదు. రోడ్డు ప్రక్కనున్న ఇండ్లను, కుర్చీ వేయు ఇండ్లను ఎంచుకొనకుడు. మండలములోని ఇండ్ల జాబితా నుండి చీట్లు తీసి ఎంచుకొనుడు. పామిడిముక్కల మండలముతో మొదలిడుడు. ఒకే ప్రశ్నావళి, ఒకే పుస్తకము, ఏటేట అదే ఇల్లు. ఒక విద్యార్థి వెళ్లిపోవునప్పుడు ఆ కుటుంబమును క్రింది తరగతివానికి అప్పగించి పోవలెను.

ఇందులో మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కొకటి గలదు. మన డెల్టా ఇండ్లలో సగము మనుష్యులు హైదరాబాదులోనో అమెరికాలోనో యుందురు, తలుపులకు తాళములు. జబ్బు ముదిరినవాడు డయాలిసిస్ కొఱకు బెజవాడకు కాపురము మార్చును. జాబితానుండి వాని పేరు కొట్టివేసినచో ఊరు ఆరోగ్యవంతముగ కనబడును! వెళ్లిపోయినవాడు ఎందుకు వెళ్లెనో, ఎక్కడనున్నాడో వెదకి వ్రాయుట ఈ పనిలో సగము. కనబడకుండ పోయిన సాక్షియే తఱచు ముఖ్యసాక్షి యని మా కోర్టు పక్షులకు చెప్పనక్కఱలేదు.

సమ్మతి విషయమున రాజీ పనికిరాదు. జబ్బు పేరు బయటికి పొక్కిన కన్యకు పెండ్లి తప్పును, కూలికి పని తప్పును. పేర్లు ఒక పెట్టెలో, జవాబులు వేఱొక పెట్టెలో నుండవలెను. జవాబు చెప్పనన్నవానికి రేషనుగాని పింఛనుగాని ఆగునను భ్రమ ఎవ్వరును కల్పింపరాదు.

నేర్చుకొనుటకు మార్గము లేదనరాదు. చెన్నపట్టణమందలి జాతీయ ఎపిడమియాలజీ సంస్థవారు ఆరోగ్య పరిశోధన మూలసూత్రములను ఇంటర్నెట్టు ద్వారా పాఠములుగ చెప్పుచున్నారు. అవి ఆంగ్లమున నున్నవి. ఆశా కార్యకర్తకు, పంచాయతి కార్యదర్శికి, సైన్సు ఉపాధ్యాయునికి ఉపకరించునట్లు తెలుగున చెప్పువారు కావలెను. గుడివాడ, బందరు, ఉయ్యూరు పఠనాలయములలో నెలకొక సాయంకాలము దీనికి కేటాయించుట కష్టము కాదు. కళాశాలవారు ముందునకు వచ్చిన యెడల, సమ్మతిపత్రములను తెలుగున వ్రాయుటకును, ప్రశ్నావళిలో సూచక ప్రశ్నలను ఏఱివేయుటకును, పామిడిముక్కల గ్రామములలో ఇండ్లవారికి చదివి వినిపించుటకును, ఆదివారములందు రాగల న్యాయవాదులు కొందఱము ఇప్పటికే పేర్లిచ్చి యున్నాము.